కిడ్నీ జబ్బున్న అబ్బాయి కంట్లో ఉబ్బిన లెన్సు, రెటీనా మీద చుక్కలు: ఆల్పోర్ట్ గురించి ఒక తల్లికి జవాబు

పలమనేరు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆమె కొడుక్కి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి జలుబు, జ్వరం వచ్చినప్పుడల్లా మూత్రం ఎర్రగా వచ్చేది. వేడి చేసిందనుకుని మజ్జిగ, బార్లీ నీళ్లు తాగించి ఊరుకున్నారు. ఇప్పుడు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) 1.9 ఉంది. తిరుపతిలో కిడ్నీ డాక్టరు ఆల్పోర్ట్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు అని అనుమానించి కళ్లు, చెవులు చూపించుకుని రమ్మన్నారు. కంటి డాక్టరు చీటీలో రెండు మాటలు రాశారు: లెన్సు ముందుకు ఉబ్బింది, రెటీనా (కంటి వెనక గోడ మీది చూపు పొర) మీద చుక్కలున్నాయి. చూపు పోతుందా? ఆపరేషన్ చేయించాలా? మేనమామను చేసుకున్నందువల్లే బిడ్డకు ఇలా అయ్యిందా? పదమూడేళ్ల కూతురిని కూడా చూపించాలా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా కంటి వైద్యం చేస్తున్నాను. మీ భయం ముందు కాస్త తగ్గాలి కాబట్టి జవాబులు మొదటే చెబుతాను. చుక్కల వల్ల చూపు పోదు. లెన్సు ఉబ్బడం వల్ల చూపు మసకబారుతుంది, కానీ ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. పెళ్లి సంగతికి సూటి జవాబు లేదు, కింద విడిగా చెబుతాను. కూతురిని తప్పకుండా చూపించాలి. మీరూ, మీ ఆయనా కూడా చూపించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా నేను చెప్పదలచుకున్నది మరొకటి ఉంది. ఆ కంటి చీటీ మీ అబ్బాయి కంటికి ఎంత అవసరమో, అతని కిడ్నీలకు అంతకన్నా ఎక్కువ అవసరం. దాన్ని కళ్లద్దాల డబ్బాలో మడిచి పెట్టకండి. నకలు తీసి కిడ్నీ ఫైలులో మొదటి పేజీగా పెట్టించండి.

ఎందుకో చెప్పాలంటే జబ్బు మూలానికి వెళ్లాలి. మన శరీరంలో కణాల వరుసల కింద సన్నని ఆధార పొరలు ఉంటాయి. వాటికి బలమిచ్చేది నాలుగో రకం కొల్లాజెన్ అనే ప్రొటీన్. అందులో ఆల్ఫా 3, 4, 5 అనే మూడు పోగులు కలిసి పేనుకుని ఏర్పడే ఒక ప్రత్యేకమైన అల్లిక ఉంది. అది ఒళ్లంతా ఉండదు. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే జల్లెడలో, లోపలి చెవిలో, కంటి లెన్సును చుట్టిన తొడుగులో, రెటీనా పొరల్లో ఉంటుంది. ఆ మూడు పోగుల్లో ఏ ఒక్కదాని జన్యువు చెడినా మొత్తం అల్లిక కుదరదు. కిడ్నీకీ, కంటికీ, చెవికీ ఉన్న సంబంధం ఇదే. ఊరి నీళ్లూ తిండీ దీనికి కారణం కావు. 1927లో సెసిల్ ఆల్పోర్ట్ అనే వైద్యుడు ఒక బ్రిటిష్ కుటుంబంలో తరతరాలుగా మూత్రంలో రక్తం పోవడం, చెవుడు రావడం కలిసి కనిపిస్తున్నాయని రాశాడు. మగపిల్లలు చిన్న వయసులోనే చనిపోతున్నారనీ, ఆడవాళ్లు ముసలితనం దాకా బతుకుతున్నారనీ కూడా గమనించాడు. అలా ఎందుకు జరుగుతుందో జన్యువులు దొరికాక తెలిసింది.

ఇక లెన్సు సంగతి. కంటి లెన్సును చుట్టిన తొడుగు మన శరీరంలోని ఆధార పొరలన్నిటిలో బాగా మందమైన వాటిలో ఒకటి. ఆల్పోర్ట్‌లో అది పల్చబడుతుంది, అక్కడక్కడ లోపల సన్నని చీలికలు పడతాయి. నీళ్లు నింపిన బెలూన్ ఎక్కడ పల్చగా ఉంటే అక్కడే ఉబ్బినట్టు, లెన్సు ముందు భాగం నడిమధ్యలో శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. దీన్ని యాంటీరియర్ లెంటికోనస్ అంటాము. పుట్టినప్పుడు ఉండదు. పదిహేను, ఇరవై ఏళ్లు వచ్చేటప్పుడు మొదలై రెండు కళ్లలోనూ మెల్లగా పెరుగుతుంది.

మీ అబ్బాయికి రెండేళ్లలో కళ్లద్దాలు పదే పదే మార్చాల్సి వచ్చిందని రాశారు. కారణం ఇదే. ఉబ్బిన చోట మైనస్ పవర్ ఎక్కువ, దాని చుట్టూ తక్కువ. అందుకే కళ్లద్దాల షాపులో కంప్యూటర్ పరీక్ష చేస్తే ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంది. పగలు కనుపాప చిన్నదిగా ఉన్నప్పుడు ఒకలా, రాత్రి కనుపాప పెద్దదైనప్పుడు మరోలా కనిపిస్తుంది. ఏ అద్దం పెట్టినా అక్షరాలకు నీడ వదలడం లేదని ఇలాంటి పిల్లలు చెబుతారు. పిల్లవాడు సరిగ్గా చెప్పడం లేదని షాపువాళ్లు విసుక్కుంటారు. నిజానికి వాడు సరిగ్గానే చెబుతున్నాడు.

ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. కంట్లోకి వెలుగు వేసి చూసినప్పుడు లెంటికోనస్‌లో కనిపించే నీడ, కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ జబ్బులోనూ అలాగే కనిపిస్తుంది. కెరటోకోనస్ మన దగ్గర చాలా మామూలు జబ్బు కాబట్టి మనసు ముందు దాని మీదకే పోతుంది. కార్నియా వంపును కొలిచే టోపోగ్రఫీ తీస్తే తేలిపోతుంది: కార్నియా మామూలుగా ఉండి, స్లిట్ ల్యాంప్‌లో లెన్సు ముందుకు ఉబ్బి కనిపిస్తే అది లెంటికోనస్. కనుపాపను విప్పి వెనక నుంచి వెలుగు తిరిగి వచ్చేలా చూస్తే లెన్సు మధ్యలో నూనె చుక్క వేలాడుతున్నట్టు ఉంటుంది. ఒకసారి చూసిన డాక్టరు మళ్లీ మరిచిపోడు.

రెండు కళ్లలోనూ యాంటీరియర్ లెంటికోనస్ ఉందంటే అది దాదాపుగా ఆల్పోర్టే. ఇంకో జబ్బు పేరు వెతకాల్సిన పని చాలా అరుదు. అది కనిపించిన మగపిల్లల్లో సాధారణంగా జన్యు లోపం తీవ్రమైన రకానిదై ఉంటుంది, కిడ్నీలు ముప్పై ఏళ్లలోపే దెబ్బతినే అవకాశం ఎక్కువ, చెవి కూడా తగ్గుతూ ఉంటుంది. ఈ మాట చెప్పడం నాకు ఇష్టమై కాదు. కానీ మీ కిడ్నీ డాక్టరు మందుల విషయంలో, కిడ్నీ మార్పిడి ఏర్పాట్ల విషయంలో ఎంత తొందరపడాలో ఈ ఒక్క కంటి లక్షణమే చెబుతుంది. కళ్లు మామూలుగా ఉన్నంత మాత్రాన మాత్రం ఆల్పోర్ట్ కాదని కొట్టేయకూడదు. చాలామందికి లెన్సు ఎప్పటికీ ఉబ్బదు, చిన్న పిల్లల్లో అయితే అసలు కనిపించదు.

రెటీనా మీది చుక్కల గురించి మీరు ఎక్కువగా భయపడినట్టున్నారు. అవి లేత పసుపు, తెలుపు రంగుల్లో ఉండే సన్నని మచ్చలు. చూపుకు కేంద్రమైన మాక్యులా చుట్టూ వలయంలా చేరతాయి, సరిగ్గా నడిమధ్య భాగాన్ని మాత్రం వదిలేస్తాయి. కొందరిలో రెటీనా అంచుల దాకా ఉంటాయి. ఈ జబ్బున్న మగవారిలో లెన్సు ఉబ్బడం కన్నా ఇవే ఎక్కువగా కనిపిస్తాయి. వీటి నుంచి రక్తం కారదు, నీరు చేరదు, చూపు తగ్గదు. ఇంజెక్షన్ వద్దు, లేజర్ వద్దు, విటమిన్ మాత్రలు కూడా వద్దు. ఎవరైనా వీటికి చికిత్స చేస్తామంటే ఎందుకని గట్టిగా అడగండి. రంగు మందు నరంలోకి ఎక్కించి తీసే యాంజియోగ్రామ్ కూడా వీటి కోసం అక్కర్లేదు. మామూలు రెటీనా ఫొటో, ఎర్ర వెలుగు తీసేసి తీసిన ఫొటో ఒకటి, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ చాలు. ఆ ఫొటోలు సీడీలోనో ఫోనులోనో మీ దగ్గర ఉంచుకోండి. కిడ్నీ జబ్బు ముదిరే కొద్దీ ఈ చుక్కలు పెరుగుతాయి కాబట్టి పాత ఫొటోతో పోల్చి చూడటం పనికొస్తుంది.

వీటిని షుగర్, బీపీ వల్ల వచ్చే మచ్చలతో కలిపేయకూడదు. మీ అబ్బాయికి బీపీ పెరిగితే అది రెటీనాను విడిగా దెబ్బతీస్తుంది, అది వేరే సంగతి. చాలా అరుదుగా ఆల్పోర్ట్‌లో మాక్యులాకు రంధ్రం పడుతుంది. చూపు మధ్యలో నల్లగా గానీ వంకరగా గానీ కనిపిస్తే ఆ రోజే రావాలి.

కార్నియా గురించి క్లుప్తంగా: కొందరికి దాని పైపొర సరిగ్గా అతుక్కోక, తెల్లవారి కళ్లు తెరవగానే గుచ్చినట్టు నొప్పి, నీరు కారడం ఉంటాయి. కృత్రిమ కన్నీటి చుక్కల మందు, రాత్రి పూట ఆయింట్‌మెంట్ చాలాసార్లు సరిపోతాయి. అలాంటివారు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోకూడదు. దయచేసి నందివర్ధనం పూల రసం, చనుబాలు కంట్లో వేయించకండి. మన ప్రాంతంలో ఈ అలవాటు ఇంకా పోలేదు, దాని ఫలితంగా కార్నియా పుండ్లతో వచ్చేవాళ్లూ తగ్గలేదు.

ఆపరేషన్ ఎప్పుడు? కళ్లద్దాలతో బోర్డు మీద రాత చదవగలుగుతున్నంత కాలం ఆగవచ్చు. ఏ అద్దమూ పనిచేయని రోజున ఆగనక్కర్లేదు. శుక్లం ఆపరేషన్‌లాగే చిన్న కోతతో ఉబ్బిన లెన్సు తీసి, కృత్రిమ లెన్సు పెడతారు. ఫలితాలు బాగుంటాయి. తొడుగు పల్చనిది, పెళుసైనది కాబట్టి ముందు పొరను గుండ్రంగా తెరిచే ఘట్టంలో చేయి తిరిగిన సర్జన్ ఉండాలి. నీలం రంగు మందుతో ఆ పొరను అద్ది చేస్తే సులువవుతుంది. తీసిన పొర ముక్కను పారేయకుండా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పరీక్షకు పంపితే అందులోని చీలికలు చూడవచ్చు. కిడ్నీ బయాప్సీ చేయించని వారికి అది కూడా ఒక ఆధారం.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు అబ్బాయికి ఒక సంగతి తెలియాలి. సొంత లెన్సుకు దగ్గరికీ దూరానికీ సర్దుకునే గుణం ఉంటుంది, మామూలు కృత్రిమ లెన్సుకు ఉండదు. దూరం బాగా కనిపించినా పుస్తకం చదవడానికి పద్దెనిమిదేళ్లకే చదువుకునే అద్దాలు అవసరమవుతాయి. ఇది ముందే చెప్పకపోతే ఆపరేషన్ చెడిపోయిందనుకుని కుర్రవాళ్లు కుంగిపోతారు. ఈ వయసువాళ్లకు కొన్ని నెలల తర్వాత లెన్సు వెనక పొర మసకబారడం కూడా మామూలే, యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో పోతుంది.

కిడ్నీ సంగతి కంటి సర్జన్‌కు చెప్పడం మీ బాధ్యత. ఆపరేషన్ తర్వాత కంట్లో ఒత్తిడి తగ్గించడానికి కొన్నిచోట్ల అసిటజోలమైడ్ మాత్రలు అలవాటుగా ఇస్తారు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి అది ప్రమాదం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేయకూడదు. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు కిడ్నీకీ చెవికీ రెండింటికీ చేటు. డయాలసిస్ మొదలయ్యాక కంటి ఆపరేషన్ పడితే డయాలసిస్ లేని రోజు చూసుకోవాలి, ఎందుకంటే డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు.

అంతవరకు కళ్లు నలుపుకోవద్దనీ, కంటికి దెబ్బ తగిలే ఆటలు వద్దనీ చెప్పండి. పల్చని తొడుగు దానంతట అదే పగిలిన సందర్భాలు కూడా వైద్యంలో నమోదయ్యాయి. ఉన్నట్టుండి చూపు మసకబారి, కన్ను ఎర్రబడి నొప్పి వస్తే మరునాటి దాకా ఆగకండి. కనుపాప విప్పే చుక్కలు వేయించుకున్న రోజు కొన్ని గంటలపాటు చూపు చెదిరి ఉంటుంది. చిత్తూరులో పరీక్ష చేయించుకుని మొగిలి ఘాట్ మీదుగా అతను బైకు నడుపుకుంటూ పలమనేరు రావడానికి వీల్లేదు. బస్సులో రండి.

ఇప్పుడు మీరు అడగడానికి సంకోచించిన ప్రశ్న. మేనరికం వల్లేనా? కావచ్చు, కాకపోవచ్చు. తేల్చడానికి మార్గం ఉంది.

ఆల్పోర్ట్ ఎక్కువ కుటుంబాల్లో ఎక్స్ క్రోమోజోమ్ మీది సీఓఎల్4ఏ5 జన్యువు చెడటం వల్ల వస్తుంది. మగపిల్లవాడికి ఉన్న ఒక్క ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. కాబట్టి మీ అబ్బాయిది ఈ రకమైతే మీ ఆయన మేనమామ అయినా, ముక్కూ మొహం తెలియని పరాయివాడైనా జరిగేది ఇదే. మేనరికానికి ఇందులో పాత్ర లేదు. అలాగని అది మీ తప్పూ కాదు. ఆ జన్యువు మీకు మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉండవచ్చు, కొన్ని కుటుంబాల్లో అయితే కొత్తగానే పుడుతుంది.

రెండో రకంలో సీఓఎల్4ఏ3 లేదా సీఓఎల్4ఏ4 జన్యువు రెండు ప్రతులూ చెడి ఉండాలి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకే ఇంటి రక్తం పంచుకున్న దంపతులకు ఈ అవకాశం ఎక్కువ. మన జిల్లాల్లో మేనమామ పెళ్లిళ్లు, మేనత్త కొడుకు పెళ్లిళ్లు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. అందుకే విదేశీ పుస్తకాల్లో ఎక్స్ రకమే ఎక్కువని రాసి ఉన్నా, ఇక్కడ నేను రెండో రకాన్ని ఎప్పుడూ మనసులో ఉంచుకుంటాను.

తేడా తెలుసుకోవడానికి మొదటి మెట్టు చాలా చవకైనది. మీ ఇద్దరి మూత్రం, అమ్మాయి మూత్రం మైక్రోస్కోప్ కింద చూపించండి. నెలసరి రోజుల్లో వద్దు, లెక్క తప్పుతుంది. మీకు మాత్రమే రక్తకణాలు కనిపించి మీ ఆయనకు లేకపోతే ఎక్స్ రకం వైపు మొగ్గు. ఇద్దరికీ కనిపిస్తే రెండో రకం వైపు మొగ్గు. ఇది మొగ్గు మాత్రమే, తీర్పు రక్తంతో చేసే జన్యు పరీక్షది. వేలూరు సీఎంసీలోనూ, హైదరాబాద్ నిమ్స్‌లోనూ జన్యు వైద్య విభాగాలున్నాయి. మీకు వేలూరే దగ్గర. జన్యు పరీక్షలో స్పష్టంగా తేలితే కిడ్నీ బయాప్సీ అవసరం తప్పిపోవచ్చు కూడా. ఇప్పటికే బయాప్సీ అయ్యుంటే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశారో లేదో అడగండి. మామూలు మైక్రోస్కోప్ కింద ఇది కిడ్నీ జల్లెడలో మచ్చలు కట్టే జబ్బైన ఎఫ్‌ఎస్‌జీఎస్‌లాగా కనిపిస్తుంది. ఆ పేరు మీద నెలల తరబడి స్టెరాయిడ్లు వాడిన పిల్లల్ని చూశాను. కిడ్నీకి లాభం లేదు, కంటికి శుక్లం మిగులుతుంది.

అమ్మాయి కళ్లు చూడటం వల్ల ఇంకో లాభం ఉంది. ఎక్స్ రకంలో ఆడపిల్లలకు చెడిన ప్రతితో పాటు ఒక మంచి ప్రతి ఉంటుంది. వారికి లెన్సు ఉబ్బడం అరుదు, రెటీనా చుక్కలు కూడా కొద్దిమందికే. చిన్న వయసు ఆడపిల్ల కంట్లో లెంటికోనస్ కనిపిస్తే రెండో రకాన్ని గట్టిగా అనుమానించాలి. అప్పుడు ఆమె జబ్బు వాళ్లన్నయ్య జబ్బంత తీవ్రంగానే ఉంటుంది. మీరు ఎక్స్ రకం జన్యువు మోస్తుంటే అమ్మాయికి రావడానికి సగానికి సగం అవకాశం. రెండో రకమైతే జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు.

ఆడవాళ్లకు ఏమీ కాదు, మోసేవాళ్లు మాత్రమే అన్న పాత మాట నమ్మకండి. ఎక్స్ రకం ఉన్న ఆడవాళ్లలో నలభై ఏళ్లకు సుమారు 12 శాతం, అరవై ఏళ్లకు సుమారు 30 శాతం మందికి కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నట్టు యూరప్ కుటుంబాల పరిశీలనలో తేలింది. ఏడాదికొకసారి మూత్రంలో ప్రొటీన్, బీపీ చూపించుకోవాలి. ఇది మీకూ వర్తిస్తుంది. బిడ్డకు నా కిడ్నీ ఇస్తానని మీరు రాసిన చివరి వాక్యం చదివాక ఈ మాట మరీ చెప్పాలనిపించింది. ఎక్స్ రకమైతే తల్లి కిడ్నీ తీసుకోవడం చివరి దారి. మూత్రం శుభ్రంగా ఉన్న తండ్రి ముందు వరుసలో ఉంటాడు. రెండో రకమైతే ఇద్దరూ చెరొక ప్రతి మోస్తున్నట్టే, ఇద్దరినీ జల్లెడ పట్టి చూస్తారు. అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు ఎప్పుడు చేయించాలో కూడా కిడ్నీ డాక్టరునే అడగండి. మార్పిడి తర్వాత కొత్త కిడ్నీలో ఆల్పోర్ట్ తిరిగి రాదు. కొద్దిమందిలో మాత్రం శరీరం ఆ కొత్త అల్లికను పరాయిదనుకుని ఎదురుతిరుగుతుంది, అందుకని మొదటి ఏడాది గట్టి నిఘా ఉంటుంది. కొత్త కిడ్నీ వచ్చినా లెన్సు వెనక్కి తగ్గదు, చెవి బాగుపడదు. మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్ల వల్ల కంటి ఒత్తిడి, శుక్లం కోసం మళ్లీ నా లాంటి వాళ్ల దగ్గరికి వస్తూనే ఉండాలి.

క్రియాటినిన్ 1.9 అంటే ఈ వయసులో కిడ్నీల పని సగానికి దిగువకు వచ్చిందని అర్థం. రామిప్రిల్ వంటి మందులు ఎంత ముందుగా మొదలైతే డయాలసిస్ అంత వెనక్కి జరుగుతుంది, కొందరికి ఏళ్ల తరబడి. మీ డాక్టరు ఆ మందు రాసి ఉంటే బీపీ బాగానే ఉంది కదా అని మానేయవద్దు, అది బీపీ కోసం మాత్రమే ఇచ్చింది కాదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్రం డాక్టరుకు ఫోను చేసి ఆపాలా అని అడగండి. ఆకు పసర్లు, భస్మాలు ఇచ్చేవాళ్ల దగ్గరికి ఎవరు తీసుకెళ్తామన్నా వెళ్లకండి.

చెవి పరీక్ష ఇంకా చేయించలేదని రాశారు. ఆడియోగ్రామ్ చేయించండి. ఈ చెవుడు కీచు శబ్దాలతో మొదలవుతుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. పిలిస్తే పలకడం లేదని కుర్రవాణ్ణి తిడుతూ ఉంటారు. తరగతిలో ముందు బెంచీ అడిగి ఇప్పించండి, ఇయర్‌ఫోన్లలో పెద్ద శబ్దం వద్దనండి.

ఇక ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష ముందు ఆపరేషన్ పెట్టుకోవాలా అన్నారు. ఇప్పుడున్న అద్దాలతో ప్రశ్నపత్రం, కంప్యూటర్ తెర చదవగలుగుతుంటే పరీక్షలు రాయనివ్వండి. చదవలేకపోతే ఎక్కువ మసకగా ఉన్న కన్ను ఒకటి ఇప్పుడే చేయించవచ్చు, అద్దాలు కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుందని లెక్కేసుకుని తేదీ పెట్టుకోండి. రెండో కన్ను కౌన్సెలింగ్ అయ్యాక చూసుకోవచ్చు. తిరుపతి అరవింద్ కంటి ఆసుపత్రిలోనో, మీకు నమ్మకమున్న మరో చోటో చేయించండి. కానీ ఆపరేషన్ తేదీ ఖాయం చేసే ముందు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో మీరు చూపించుకుంటున్న చోటో కిడ్నీ డాక్టరు చేత వాడకూడని మందుల పేర్లు ఒక కాగితం మీద రాయించుకుని, కంటి సర్జన్ చేతికి ఇవ్వండి.